అలారం మోగాల్సింది ఏ పూట?

రెండేళ్ల కిందట వ్యాయామం కోసం నేను తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకు అలారం పెట్టుకునేవాణ్ణి. బూట్లు మంచం పక్కన, మేజోళ్లు వాటిలోనే కుక్కి, నీళ్ల సీసా కిటికీ గట్టు మీద. పొద్దున సాకు వెతుక్కునే వీలు లేకుండా అన్నీ రాత్రే సర్దిపెట్టేవాణ్ణి. సర్దడం పూర్తయ్యేసరికి మాత్రం పదకొండున్నర. అంటే ఆ మంచి అలవాటు రోజూ అయిదుంబావు గంటల నిద్రతో మొదలయ్యేది. మొదటి పది రోజులు ఒళ్లు తేలిగ్గా ఉన్నట్టే అనిపించింది, ఆ మాట పదిమందికీ చెప్పాను కూడా. మూడో వారంలో, మధ్యాహ్నం సమావేశంలో, పక్కనున్నాయన మోచేత్తో పొడిస్తే గానీ నన్ను పిలిచారని తెలియలేదు. రెండో నెలలో మోకాలు పట్టేసింది. ఆ తర్వాత బూట్లు మంచం కిందికి జరిగాయి. పదకొండున్నరకు పడుకునే అలవాటు మాత్రం జరగలేదు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె.

నా ఒక్కడి కథే అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు. తీరిక లేని మనిషి వ్యాయామం చేయాలనుకోగానే చెయ్యి పెట్టేది నిద్ర జేబులోనే. ఆఫీసు వేళలు ఒప్పుకోవు, ప్రయాణం తగ్గదు, ఇంటి పని ఆగదు. అడిగితే ఎదురు చెప్పనిది నిద్ర ఒక్కటే. పైగా తెల్లవారకముందే లేచేవాడికి మనలో మర్యాద ఎక్కువ. ఎనిమిది గంటలు పడుకుంటానని చెప్పడానికి మొహమాటపడతాం, కుంభకర్ణుడనే మాట ఎదుటివాడి నోట సిద్ధంగా ఉంటుంది కాబట్టి. అయిదు గంటలే పడుకుంటానని మాత్రం కాస్త గర్వంగానే చెప్పుకుంటాం. ఈ మర్యాదల లెక్కే తప్పని నా వాదన. వ్యాయామానికి కావలసిన సమయం మేలుకుని ఉన్న గంటల్లోంచే రావాలి. నిద్రలోంచి తెచ్చి చేసే కసరత్తు అప్పు చేసి పప్పుకూడు లాంటిది.

లెక్క వేసి చూద్దాం. వారానికి 168 గంటలు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర ఉండాలని అమెరికాలోని నిద్రావైద్య నిపుణుల సంఘాలు 2015లో తేల్చాయి. అది 49 గంటలు. మిగిలినవి 119. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కావలసింది 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైన శ్రమ. దానికి తోడు వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు. నడకనే లెక్కలోకి తీసుకుంటే కనీసం రెండున్నర గంటలు. మేలుకుని ఉన్న 119 గంటల్లో అది రెండు శాతం పైచిలుకు. ఆ రెండు శాతం కోసం మిగతా 116 గంటల వైపు కన్నెత్తి చూడకుండా, నేరుగా వెళ్లి నిద్రకు కోత పెడుతున్నాం.

ఆ కోత కూడా మనం అనుకున్నంత చిన్నది కాదు. నిద్ర రాత్రంతా ఒకే తీరుగా సాగదు. ఇంచుమించు గంటన్నరకు ఒకటి చొప్పున విడతలు విడతలుగా వస్తుంది. గాఢనిద్ర ఎక్కువగా మొదటి సగంలో ఉంటుంది, కలల నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున. ఆరున్నర దాకా పడుకోవాల్సిన నేను నాలుగూ ముప్పావుకు లేచినప్పుడు ఏడు గంటల్లో పావు వంతే పోయిందనుకున్నాను. నిజానికి కలల నిద్రలో అంతకంటే పెద్ద ముక్కే పోయింది. జ్ఞాపకాలను సర్దుకోవడానికీ, మనసు కుదుటపడటానికీ ఆ నిద్ర అవసరమని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెబుతారు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు నా దగ్గరికి రావడానికి ఎందుకు జంకేవారో నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఒంటి సంగతికి వద్దాం. బరువు తగ్గడానికే పొద్దున్నే లేచేవాళ్లు 2010లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం గురించి తెలుసుకోవాలి. అధిక బరువున్న పదిమందికి తిండి తగ్గించి, ఒక విడత 14 రోజులు రాత్రికి ఎనిమిదిన్నర గంటలు, మరో విడత 14 రోజులు అయిదున్నర గంటలు పడుకునే అవకాశం ఇచ్చారు. రెండు విడతల్లోనూ తగ్గిన బరువు దాదాపు ఒకటే. అయితే కరిగిందేమిటన్నదే అసలు ప్రశ్న. బాగా పడుకున్న విడతలో 1.4 కిలోల కొవ్వు కరిగితే, నిద్ర తగ్గిన విడతలో కరిగింది 0.6 కిలోలే. ఆ తేడాను పూడ్చడానికి పోయింది కండరం లాంటి, కొవ్వు కాని కణజాలం. పదిమందితో చేసిన చిన్న ప్రయోగమే, దాన్ని పట్టుకుని శాసనాలు రాయక్కర్లేదు. కానీ బరువు యంత్రం మీది అంకె చూసి మురిసిపోయేవాళ్లకు ఆ అంకె సగం నిజమే చెబుతుందని తెలియడానికి ఇది చాలు. కసరత్తు కండరాన్ని అలసటకు గురిచేసి వదిలేస్తుంది, మరమ్మతు జరిగేది ఆ తర్వాతే. ఆ మరమ్మతులో పాలుపంచుకునే గ్రోత్ హార్మోన్ రోజు మొత్తంలో ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో.

‘నాకు అయిదారు గంటలు అలవాటైపోయింది’ అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. నేనూ అన్నాను. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ మాటనే పరీక్షకు పెట్టారు. 14 రోజుల పాటు రాత్రికి ఆరు గంటలు, అంతకంటే తక్కువ నిద్రపోయినవాళ్ల చురుకుదనం రోజురోజుకూ తగ్గుతూ పోయింది. చివరికి కొందరి పరిస్థితి రెండు రాత్రులు కంటి మీద కునుకు లేకుండా గడిపినవాళ్లతో సమానంగా ఉంది. నన్ను ఆపింది ఆ తర్వాతి సంగతి. మీకు ఎంత మత్తుగా ఉందని అడిగితే, కొన్ని రోజుల తర్వాత వాళ్ల జవాబు పెద్దగా మారలేదు. పనితనం దిగజారుతూనే ఉంది, దిగజారుతున్న సంగతి మాత్రం వాళ్లకు తెలియడం లేదు. అలవాటు పడిందన్న మాటకు అర్థం ఇదే అయితే, తూగుతూ బండి నడిపేవాడు నాకేం కాలేదనడానికీ దీనికీ తేడా ఏముంది?

మరి వ్యాయామం ఎక్కడ ఇమడాలి? నన్నడిగితే, జవాబు 1953లోనే దొరికింది. లండన్ రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు పోల్చి చూశారు. రోజంతా కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే, టికెట్ల కోసం మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. రెండు ఉద్యోగాల్లో చేరినవాళ్ల శరీరతత్వాల్లో తేడా ఉండి ఉండొచ్చన్న ప్రశ్న తర్వాత వచ్చింది, అది న్యాయమైన ప్రశ్నే. అయినా ఆ కండక్టర్లు చేసిన శ్రమ పని వేళల్లో, పనిలో భాగంగా జరిగిన శ్రమ అన్నది నిజం. దాని కోసం వాళ్లు వేరే అలారం పెట్టుకోలేదు.

ఒక దఫాలో కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్కలోకి వస్తుందన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది. రెండు అంతస్తుల మెట్లెక్కినా లెక్కే. నా మట్టుకు నేను మధ్యాహ్న భోజన విరామంలో 20 నిమిషాలు నడుస్తాను. అయిదు రోజులకు వంద నిమిషాలు. ఆదివారం తీరిగ్గా ఇంకో 50. ఫోనులో మాట్లాడాల్సి వస్తే కుర్చీలోంచి లేస్తాను. పనిరోజుల్లో అసలు వీలుపడనివాళ్లు వారం కోటాను ఒకటి రెండు రోజుల్లోనే పూర్తిచేసినా కదలకుండా కూర్చున్నవాళ్ల కంటే నయమేనని 2017లో బ్రిటన్ ఆరోగ్య సర్వేల ఆధారంగా వచ్చిన అధ్యయనంలో తేలింది.

సాయంత్రం వ్యాయామం చేస్తే నిద్ర చెడుతుందనే భయమూ చాలామందికి ఉంది. చాలా అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలో ఆ భయానికి పెద్దగా ఆధారం దొరకలేదు. ఒళ్లు హూనమయ్యేంత కసరత్తును పడుకునే ముందు గంటలోపు దాకా సాగదీస్తే తప్ప ఇబ్బంది లేదు. నిద్రను చెడగొట్టేది చాలాసార్లు ఆ కసరత్తు కోసం తాగే కాఫీ. సాయంత్రం ఆరింటికి తాగిన కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదకొండుకు కూడా ఒంట్లోనే ఉంటుంది.

పసిబిడ్డ ఉన్న తల్లికీ, రెండు ఉద్యోగాలు చేసేవాళ్లకూ, వారం మార్చి వారం రాత్రి డ్యూటీ పడేవాళ్లకూ ఈ లెక్కలు చెప్పడం నాకే మొహమాటంగా ఉంది. వాళ్ల గంటలు వాళ్ల చేతుల్లో లేవు. వాళ్లకు సంకల్పబలం గురించి పాఠాలు చెప్పడం కంటే డ్యూటీ వేళలు మార్చడం, ఇంటి పని పంచుకోవడం ఎక్కువ ఉపయోగం. నా మాటలు నాలాంటివాళ్ల కోసం, రాత్రి పదికి ఖాళీ అయ్యి పదకొండున్నర దాకా మేలుకునేవాళ్ల కోసం.

ఆ గంటన్నర ఎక్కడికి పోతోందో తెలియనిది కాదు. సోఫాలో ఓ చివర, దీపం ఆర్పేసి, ముఖం మీద ఫోను వెలుగు. బద్ధకమనీ వ్యసనమనీ తిట్టుకున్నాను గానీ, రోజు మొత్తంలో ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే అన్న సంగతి ఆలోచించలేదు. మధ్యాహ్నపు నడక మొదలుపెట్టాక నేను ఎదురుచూడని మార్పు ఒకటి వచ్చింది. పగలే నాదంటూ ఓ ఇరవై నిమిషాలు దొరికేసరికి, రాత్రి దాన్ని వెతుక్కుంటూ కూర్చోవాలన్న ఆరాటం తగ్గింది. అలారం ఇప్పుడు రాత్రి పదుంబావుకు మోగుతుంది. మొదట్లో అలవాటు కొద్దీ పది నిమిషాలు వాయిదా వేసేవాణ్ణి. ఇప్పటికీ వారానికి రెండు సార్లు వేస్తూనే ఉన్నాను. బూట్లు ఆఫీసు బల్ల కింద ఉంటాయి. మోకాలు మాత్రం మూడో అంతస్తు దాటితే ఇంకా గొణుగుతూనే ఉంది.