లెక్కలోకి రాని ఆ రెండు పరుగులు

హర్డిల్స్ పరుగుల క్రీడాకారిణి జ్యోతి యర్రాజి గురించి విశాఖలో ఎవరిని అడిగినా పతకాల లెక్క చెబుతారు. బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం, హాంగ్‌ఝౌలో రజతం, దక్షిణ కొరియాలోని గుమిలో మళ్లీ ఆసియా స్వర్ణం, ఆపైన అర్జున అవార్డు. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్లలో పనిచేసేది, పోర్టు హైస్కూల్లో చదువుకుంది అని కూడా చెబుతారు. అన్నీ పాఠకులకు తెలిసినవే. ‘ఆ అమ్మాయిని చూసి నేర్చుకో’ అని పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు కూడా ఆ పతకాలనే చూపిస్తారు. నాకు మాత్రం అంతకంటే విలువైనవిగా కనిపించేవి రెండు పరుగులు. ఆ రెండూ రికార్డు పుస్తకాల్లోకి ఎక్కలేదు.

మొదటిది 2020 జనవరిలో, కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో. దారిలో నిలబెట్టిన అడ్డంకులను దాటుతూ పరుగెత్తే 100 మీటర్ల హర్డిల్స్‌ను జ్యోతి 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన ఆ రికార్డును అప్పటిదాకా ఎవరూ కదపలేదు. జ్యోతి దాన్ని ఏకంగా సెకనులో మూడో వంతు తేడాతో దాటేసింది. అయినా రికార్డు ఇవ్వలేదు. అక్కడ ఆమెకు నిషేధిత మందుల వాడకాన్ని పట్టే డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి కూడా లేరు. ఈ రెంటిలో ఏదీ ఆమె చేతిలో ఉన్నది కాదు.

రెండోది 2022 ఏప్రిల్‌లో, కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో. ఈసారి 13.09. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు మించితే ఆ పరుగును రికార్డుగా తీసుకోరు. ఆ రోజు గాలి 2.1 ఉంది. అంత చిన్న తేడాకు రెండోసారి కూడా చేతికొచ్చింది జారిపోయింది.

మరుసటి నెల, మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో ఆమె 13.23లో పరుగెత్తింది. ఇరవై ఏళ్ల రికార్డు అధికారికంగా బద్దలైంది ఆ పరుగుతోనే. ఈ అంకెలను ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. లెక్కలోకి వచ్చిన ఆ పరుగు, లెక్కలోకి రాని రెండింటికంటే నెమ్మదైనది. అంతకంటే వేగంగా తాను ఇప్పటికే రెండుసార్లు పరుగెత్తానని ఆమెకు తెలుసు. తెలిసి కూడా వెళ్లి, పరుగు మొదలుపెట్టే బ్లాక్స్‌లో కాళ్లు పెట్టింది. అదే నెలలో 13.11, తర్వాత 13.04 నమోదు చేసింది. అక్టోబరుకల్లా 12.82తో, అధికారికంగా 13 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి భారత మహిళ అయింది.

మన చుట్టూ చూస్తే ఆ 13.03 దగ్గరే ఆగిపోయినవాళ్లు కనిపిస్తారు. బాగా రాసిన పరీక్ష కోర్టు కేసులో పడింది, నోటిఫికేషన్ రద్దయింది, ఇంటర్వ్యూ దాకా వెళ్లాక పోస్టులే తగ్గించారు. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన కుర్రాళ్లతో మాట్లాడితే ఇలాంటి కథ ఒకటైనా వినిపిస్తుంది. వాళ్ల కోపం న్యాయమైనదే. అన్యాయాన్ని అన్యాయమని అనాల్సిందే, పోరాడాల్సిన చోట పోరాడాల్సిందే. అయితే పదేళ్ల తర్వాత కూడా అదే కథ చెబుతూ, ఆ తర్వాత ఏ ప్రయత్నమూ చేయని మనిషిని చూసినప్పుడు నా కడుపు తరుక్కుపోతుంది. మీ 13.03 నిజమే, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ మళ్లీ గీత దగ్గరికి వెళ్లాల్సింది మీరే.

హర్డిల్స్ ఆట కట్టుబాటులోనే ఈ పాఠం ఉంది. గీత నుంచి మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు. ఆ తర్వాత ఎనిమిదిన్నర మీటర్లకొకటి చొప్పున మొత్తం పది. రెండు హర్డిల్స్ మధ్య మూడే అంగలు. హర్డిల్‌కు కాలు తగిలి పడిపోతే అది తప్పు కాదని చాలామందికి తెలియదు. కావాలని తోసేస్తే వేరే మాట, మామూలుగా కాలు తగిలినంత మాత్రాన అనర్హత ఉండదు. కొంచెం సమయం పోతుంది, అంతే. వెనక్కి తిరిగి ఏది పడిందో చూడాలనుకుంటే మాత్రం ఆట ముగిసినట్లే, ఎందుకంటే మూడు అంగల్లో తర్వాతిది వచ్చేస్తుంది.

మొన్న శీతాకాలంలో ఒక ఉదయం ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు నడకకు వెళ్లినప్పుడు గ్రౌండ్‌లో పది పన్నెండేళ్ల పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారు. ఎత్తు తగ్గించిన హర్డిల్స్ నాలుగు వరసగా పెట్టారు. ఒక పాప మూడోదానికి తగిలి బోర్లా పడింది. అరచేతులకు మట్టి అంటుకుంది, మోకాలు కొట్టుకుపోయింది. నేను గబగబా అటు అడుగేశాను. కోచ్ మాత్రం ఉన్నచోటు నుంచే అడిగాడు. “ఏటమ్మా, వెనక కాలు ఎత్తలేదేటి?” పాప చేతులు నిక్కరుకు తుడుచుకుని, “తొందరపడిపోయాను సార్, ఇంకోటి చేస్తాను” అంది. పడిన హర్డిల్‌ను తనే నిలబెట్టి, మళ్లీ మొదటికి నడిచింది. రెండోసారి కూడా తగిలింది కానీ పడలేదు. మూడోసారికి దాటేసింది. కోచ్ చప్పట్లు కొట్టలేదు, ‘నెక్స్ట్’ అన్నాడు. ఆ పది నిమిషాల్లో ఆ పాప నేర్చుకున్నది మన ఇళ్లలో పిల్లలకు ఎప్పుడు నేర్పుతున్నాం?

హాంగ్‌ఝౌ ఫైనల్ చాలామంది టీవీలో చూసే ఉంటారు. 2023 అక్టోబరు 1, ఆసియా క్రీడలు. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వు యానీ గన్ పేలకముందే కదిలింది. పోటీ నుంచి తప్పించే రెడ్ కార్డు ఆమెతోపాటు జ్యోతికీ చూపించారు. జ్యోతి ఏడవలేదు, ట్రాక్ వదిలి వెళ్లిపోలేదు. ముందు కదిలింది తాను కాదని అధికారులతో వాదించింది, రీప్లే చూడమంది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చి, తీర్పు తర్వాత చెబుతామన్నారు. నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఆ తర్వాతి క్షణమే. అంత టెన్షన్ తర్వాత, తన పరుగు చెల్లుతుందో లేదో తెలియకుండా మళ్లీ వెళ్లి వేళ్లను గీత వెనక ఆనించాలి. ‘సెట్’ అన్నాక గన్ శబ్దం తప్ప ఇంకేదీ వినకూడదు. 12.91 సెకన్లలో మూడో స్థానంలో వచ్చింది. తర్వాత వు యానీపై అనర్హత వేటు పడటంతో పతకం రజతమైంది. వాదన ఎంత ముఖ్యమో పరుగూ అంతే ముఖ్యం. వాదించి పరుగెత్తకపోయి ఉంటే ఆ రజతం లేదు.

వెనకబడితే అంతా అయిపోయిందనుకోవడం కూడా మన ఇళ్లలో బలంగా నాటుకున్న భయం. పదో తరగతిలో వెనకబడితే, ఇంటర్‌లో వెనకబడితే ఇక జీవితమే లేదన్నట్లు మాట్లాడతాం. 2024 పారిస్ ఒలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్‌లో ఎనిమిది మంది నిలబడ్డారు. గన్ పేలాక అమెరికా స్ప్రింటర్ నోవా లైల్స్ కంటే ఆలస్యంగా కదిలినవాడు లేడు. 30 మీటర్ల దగ్గర అతను అందరికంటే వెనకే ఉన్నాడు. గెలిచింది మాత్రం అతనే, సెకనులో వెయ్యింట అయిదు వంతుల తేడాతో. వంద మీటర్ల పరుగులో చివరిదాకా వేగం పెరుగుతూ పోదు, చివరి భాగంలో ప్రతి ఒక్కరి వేగమూ తగ్గుతుంది. తక్కువగా తగ్గినవాడు ముందుకొస్తాడు. పక్కవాడు ముందున్నాడని కంగారుపడి ఒళ్లు బిగబట్టుకుంటే ఇంకా నెమ్మదవుతామని స్ప్రింట్ కోచ్‌లు చెప్పే మాట కూడా ఇదే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అందులో బలం కూడా ఉంది. జ్యోతికి ప్రతిభ ఉంది, భువనేశ్వర్‌లో విదేశీ కోచ్ జేమ్స్ హిల్లియర్ శిక్షణ దొరికింది, వెనక పెద్ద సంస్థ అండ ఉంది. అవి లేని మామూలు పిల్లవాడికి ‘మళ్లీ పరుగెత్తు’ అని చెప్పడం తేలికే అంటారు. ఒప్పుకుంటాను. అయితే మూడబిద్రిలో ఆ పరుగు తీసిన నాటికి ఆమె ఇంకా యూనివర్సిటీ విద్యార్థినే. పట్టుదల తర్వాత నేర్చుకున్నది కాదు, ముందు నుంచీ ఉన్నదే. పైగా అండ దొరికాక కూడా పరీక్షలు ఆగలేదు. పారిస్‌కు నేరుగా వెళ్లాలంటే 12.77 కావాలి, ఆమె రెండుసార్లు 12.78 దగ్గర ఆగింది. చివరికి ర్యాంకింగ్ ద్వారా వెళ్లింది. అక్కడ ముందుకు పోలేకపోయింది. మరుసటి ఏడాది మేలో గుమిలో, వాన కారణంగా ఖాళీ అయిన స్టేడియంలో, 12.96తో ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది. ఆ తర్వాత కొద్ది వారాలకే మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ దాకా వెళ్లింది. ఏ సంస్థ అండా ఆ గాయాన్ని ఆపలేదు.

పట్టుదల ముందు నుంచీ ఉందంటే ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి కదా. స్కూల్లో ఒక పీఈటీ మాస్టారు పొడుగ్గా ఉన్న అమ్మాయిని గమనించారు. గమనించడానికి ఒక గ్రౌండ్ ఉంది, ఆ గ్రౌండ్‌లో ఒక పీరియడ్ ఉంది. నా అసలు బాధ ఇక్కడే. ఈ రోజు విశాఖలో అలాంటి అమ్మాయి ఇంటర్‌లో చేరితే ఆమెను ఎవరు చూస్తారు? మధురవాడ నుంచి గాజువాక దాకా ఎన్నో జూనియర్ కాలేజీలు అపార్ట్‌మెంట్ లాంటి భవనాల్లో నడుస్తున్నాయి. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో వారాంతపు టెస్టు. మా వీధి చివర ఉన్న కాలేజీలో పిల్లలు బ్రేక్‌లో మెట్ల మీద కూర్చుని తింటారు. పరుగెత్తడానికి వాళ్లకున్న జాగా బస్సు దగ్గరికి వెళ్లే దారి.

ఓటమిని రోజూ రుచి చూపించి, రోజూ దాటించే చోటు పిల్లలకు ఆటస్థలం తప్ప ఇంకోటి లేదు. ట్రాక్ మీద పిల్లవాడు వారంలో పదిసార్లు ఓడిపోతాడు. గడియారం చెప్పిన అంకె చూస్తాడు, నీళ్లు తాగుతాడు, మళ్లీ వెళ్తాడు. అలా ఓడిపోవడం అలవాటు లేని పిల్లలకు జీవితంలో మొదటి ఓటమి ఇంటర్ ఫలితాల రోజున, ఫోన్ తెర మీద, బంధువులందరి ముందు ఎదురవుతోంది. ఫలితాలు వచ్చిన వారంలో పేపర్లో వచ్చే ఆ వార్తలు చదవడానికి కూడా నాకు చేతులు వణుకుతాయి. పదహారేళ్ల పిల్లలు. ఒక్క సబ్జెక్టు. అది సప్లిమెంటరీలో మళ్లీ రాయగలిగిన పరీక్షే.

అందుకే పతకం తెచ్చాక సన్మానాలు చేయడం కంటే ముందు, ప్రతి కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గ్రౌండ్, రోజుకు ఒక గంట ఇవ్వమని అడుగుతున్నాను. ప్రభుత్వం అనుమతి ఇచ్చేటప్పుడు కాగితం మీద కాకుండా కళ్లతో చూడాలి. తల్లిదండ్రులు కూడా అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ర్యాంకుల పట్టిక కంటే ముందు గ్రౌండ్ చూపించమని అడగాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఒక తండ్రి పోయిన జూన్‌లో అలాగే అడిగారు. కింద సెల్లార్‌లో బైకుల పక్కన ఉన్న టేబుల్ టెన్నిస్ బల్ల చూపించారట. ఆయన ఫారం తీసుకోకుండా కూతురి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశారు.