రూపాయల్లో కట్టమని అడిగే మిషన్‌కి ఒక ఉత్తరం

గౌరవనీయులైన డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కారాలు. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు మా వైపు పెద్దగా లేరు గానీ, ముఖం చూస్తే గుర్తుపట్టని వాళ్లుండరు. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో కొట్లో కార్డు పెట్టగానే మిషన్ తెర మీద రెండు అంకెలు వస్తాయి, ఒకటి వాళ్ల డబ్బుల్లో, ఒకటి మన రూపాయల్లో. ఆ రెండోది తమరే. ఊరు కాని ఊళ్లో ఎదురుగా మన రూపాయి గుర్తు కనబడేసరికి మనిషికి ప్రాణం లేచొస్తుంది, ఆ లేచొచ్చిన ప్రాణం మీదే మీ వ్యాపారమంతా.

మీ మర్యాదకి మాత్రం వంక పెట్టలేం. అంతా మా సౌకర్యం కోసమేనంటారు, ఎంత పడిందో ఇక్కడే తెలిసిపోతుంది, టెన్షన్ ఉండదంటారు. నిజమే, ఎంత పడిందో తెలుస్తుంది. ఎంత పడాల్సిందో మాత్రం ఆ తెర మీద ఉండదు.

మా బాబాయి పట్నం బజార్లో కిలో కందిపప్పుకి రెండు రూపాయలు తగ్గించేదాకా కొట్టు ముందు నుంచి కదలడు. అలాంటి మనిషి గన్నవరంలో ఫ్లైటెక్కి షార్జా వెళ్లి, సూట్‌కేసూ ఖర్జూరాలూ కొని, బిల్లు దగ్గర మీ ఆకుపచ్చ బటన్ నొక్కేసి వచ్చాడు. అదేమో బొటనవేలంత వెడల్పు, పక్కన దిర్హమ్‌ల బటన్ ఏమో బూడిద రంగులో, అద్దాలు పెట్టుకుంటే గానీ కనబడనంత. పైగా ఇంటికొచ్చి "మన డబ్బుల్లోనే కట్టానురా, లెక్క క్లియర్‌గా ఉంది" అని అందరికీ చెప్పుకున్నాడు.

ఆ క్లియర్ లెక్కేమిటో చూద్దాం. దిర్హమ్ 23 రూపాయలనుకుందాం. వెయ్యి దిర్హమ్‌ల బిల్లుకి వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్ల రేటు ప్రకారం అటూ ఇటూగా 23,000 అవ్వాలి. మీరు రేటులోనే ఓ ఆరు శాతం కలుపుకున్నారనుకోండి (మీకది పెద్ద లెక్కేం కాదు, ఇంకా ఎక్కువ లాగిన సందర్భాలు బోలెడు), తెర మీద 24,380 కనిపిస్తుంది. కథ అక్కడితో అయిపోదు. రూపాయల్లోనే కట్టాం కదా, ఇక మన బ్యాంకు ఏమీ వెయ్యదులే అనుకుంటాం. మన దగ్గర చాలా కార్డుల మీద, విదేశీ మిషన్లో రూపాయల్లో కట్టినందుకు కూడా ఒక శాతం దాకా చార్జీ ఉంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే ఇంకో 288 రూపాయలు, మొత్తం 24,668. అదే దిర్హమ్‌లు నొక్కుంటే, మూడున్నర శాతం మార్కప్ (విదేశీ డబ్బుల్లో ఖర్చు మీద మన బ్యాంకు వేసుకునే చార్జీ) ఉన్న మామూలు కార్డుకి కూడా జీఎస్టీతో కలిపి 23,950 దగ్గర ఆగేది. మార్కప్ లేని కార్డైతే 23,000తో సరి.

పోనీ రేటు రేపు మారిపోతుందేమోనన్న భయం ఒకటి అంటగడతారు. దిర్హమ్‌ని 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేశారు, అది కదలదు. కదిలేది మా రూపాయే, అదీ లావాదేవీ మన ఖాతాలో ఖరారయ్యే రెండు మూడు రోజుల్లో ఆరు శాతం పడిపోవడమంటే ఆర్థిక మంత్రి టీవీలో మాట్లాడాల్సినంత విషయం.

మా మిర్చి యార్డులో రైతు కాటా పక్కనే నిలబడి తరుగెంత తీశారని అడుగుతాడు, నచ్చకపోతే నిలదీస్తాడు. మీ దగ్గర తరుగు తీశాకే కాటా వేస్తారు, ఇంక అడగడానికేముంది?

కొన్ని కొట్లలో ఆ ప్రశ్న కూడా మా దాకా రానివ్వరు, కౌంటర్‌లో అబ్బాయే మా తరఫున రూపాయలు నొక్కేసి మిషన్ మా చేతికిస్తాడు. అడిగి, ఒప్పుకున్నాకే మార్చాలన్నది వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌ల నియమం. కాబట్టి పిన్ కొట్టే ముందు తెర మీద ఏ కరెన్సీ ఉందో చూసుకోవడం, రూపాయలుంటే రద్దు చేసి వాళ్ల డబ్బుల్లో మళ్లీ కొట్టమనడం, స్లిప్పు చేతికొచ్చాక గమనించినా సరే అక్కడే నిలబడి ఆ లావాదేవీని వాయిడ్ (రద్దు) చేయించుకోవడం, ఇవన్నీ మొహమాటం లేకుండా చేయాల్సిన పనులని మా పిన్నికి నూరిపోస్తున్నాను. వెనక క్యూలో వాళ్లు ఏమనుకుంటారోనని ఆవిడ బాధ. ఏమనుకుంటే మనకేం, వాళ్లేమన్నా చుట్టాలా?

ఏటీఎంలో మీ నటన ఇంకో మెట్టు పైన. కన్వర్షన్ వద్దు అని నొక్కబోతే, డబ్బులే రావేమో అన్నట్టు ఎర్రగా, భయంగా ఓ హెచ్చరిక. శుభ్రంగా వస్తాయి. రేటు మన బ్యాంకు నెట్‌వర్క్ ద్వారా లెక్క కడుతుంది, అంతే. (అసలు క్రెడిట్ కార్డు పెట్టి అక్కడ క్యాష్ తీయొద్దు. తీసిన రోజు నుంచే వడ్డీ. అది మీ పాపం కాదు, మీ ఖాతాలో వెయ్యను.)

ఇక మీరు బ్రాడీపేటకి కూడా వస్తారు, వీసా అక్కర్లేదు మీకు. ఇంట్లో కూర్చుని బయటి దేశం కంపెనీ వెబ్‌సైట్లో హోటల్ బుక్ చేస్తే ధర రూపాయల్లోనే కనిపిస్తుంది, మనదే కదా అని కట్టేస్తాం. కంపెనీ నమోదు బయట కాబట్టి స్టేట్‌మెంట్లో ఆ ఒక శాతం, దాని జీఎస్టీ ఓ మూల నక్కి ఉంటాయి.

ఐరోపా సమాఖ్య వాళ్లు 2019లో చట్టం చేసి, 2020 ఏప్రిల్ నుంచి యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు మీద మీరెంత శాతం వేస్తున్నారో చెప్పి తీరాలన్నారు. వాళ్ల సొంత కరెన్సీల మధ్య మార్పిడికేలెండి. అయినా అంకె పక్కన శాతం రాయడం మీకు చేతకాదని ఇక అనలేం. మా రూపాయి పక్కన కూడా అంతే పెద్ద అక్షరాల్లో రాసి, రెండు బటన్లూ ఒకే సైజులో పెట్టండి, అప్పుడు ఎవరు ఏది నొక్కుతారో చూద్దాం.

ఇట్లు,
దిర్హమ్‌లే నొక్కే గుంటూరు మనిషి

తా.క. ఆ మూడున్నర శాతం మార్కప్ గురించి మా బ్యాంకుకి వేరే ఉత్తరం రాస్తున్నాను. అందులో మీ పేరు రాదు, సంబరపడకండి.