‘నాన్-ఏలియన్’ అంటే ఎవరు? పేరెంట్స్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫార్వర్డ్‌కు జవాబు

వారం రోజులుగా శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని మా తెలుగు పేరెంట్స్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ చక్కర్లు కొడుతోంది. నాకే మూడు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: కాలిఫోర్నియా బడుల్లో హిస్టరీ పేరుతో పిల్లల బుర్రలు పాడుచేస్తున్నారు. 1942లో జపనీయుల్ని క్యాంపుల్లో పెట్టింది యుద్ధం వల్ల, తప్పనిసరై. 1930లలో మెక్సికన్లు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు. నష్టపరిహారం కూడా ఇచ్చేశాక ఇంకా తవ్వడమెందుకు? ఇవన్నీ వింటే పిల్లలకు దేశమంటే ఏవగింపు పుడుతుంది. పైగా మన ఇండియన్స్‌కు ఇందులో ఏ సంబంధమూ లేదు. చివర రెండు దండాలు, ఒక జెండా.

పంపినవాళ్లలో ఒకాయన నాకు బాగా కావలసినవారు, అన్నయ్యా అని పిలుస్తాను. ఫోన్లో అయితే మధ్యలో పిల్లలు, కుక్కరు విజిల్స్, మాట తెగదు. అందుకే రాస్తున్నాను.

“యుద్ధం, తప్పలేదు.”

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది నిజం. జనం భయపడిందీ నిజం. కానీ ఆ దాడి జరిగింది హవాయిలో. అప్పట్లో అక్కడి జనాభాలో మూడో వంతుకు పైగా జపాన్ మూలాలవాళ్లే. ప్రమాదం నిజంగా అంత ఉంటే ముందు అక్కడ ఖాళీ చేయించాలి కదా. అక్కడ నిర్బంధించింది సుమారు రెండు వేలమందిని మాత్రమే, ఎందుకంటే వాళ్లను తీసేస్తే దీవుల్లో పని ఆగిపోతుంది. వేల మైళ్ల ఇవతల పశ్చిమ తీరంలో మాత్రం పసిపిల్లలతో సహా అందర్నీ ఎత్తేశారు. సుమారు 1,20,000 మంది. అందులో మూడింట రెండొంతులు ఇక్కడే పుట్టిన అమెరికా పౌరులు.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066 నంబరు ఉత్తర్వులో ‘జపనీయులు’ అన్న మాటే లేదు. సైన్యానికి అవసరమనిపించిన ప్రాంతాల నుంచి ఎవరినైనా పంపించవచ్చు అని మాత్రమే ఉంది. ఆ ‘ఎవరినైనా’ అంటే ఎవరో కరెంటు స్తంభాలకు అంటించిన నోటీసుల్లో తేలింది. జపాన్ మూలాలున్న ప్రతి ఒక్కరూ, ‘ఏలియన్ అయినా నాన్-ఏలియన్ అయినా’, ఫలానా తేదీకల్లా వెళ్లిపోవాలి. ఈ నాన్-ఏలియన్ ఎవరు? పరదేశి కానివాడు. అంటే పౌరుడు. ‘పౌరుల్ని క్యాంపుకు పంపుతున్నాం’ అని రాయడానికి చెయ్యి రాక, సర్కారువారు పౌరుడికి కొత్త పేరు పెట్టారు. నన్నడిగితే హిస్టరీ క్లాసు ఈ ఒక్క మాట మీద ఒక పీరియడ్ నడపొచ్చు.

చేతులతో మోయగలిగినంతే తెచ్చుకోమన్నారు. కుటుంబానికో నంబరు ఇచ్చి, ఆ చీటీని పెట్టెలకే కాదు, పిల్లల కోట్లకు కూడా కట్టారు. బే ఏరియావాళ్లను మొదట తోలింది శాన్ బ్రూనోలోని టాన్‌ఫొరాన్ గుర్రప్పందేల మైదానానికి. గుర్రాల కొట్టాలకు సున్నం కొట్టి కుటుంబాలకు గదులుగా ఇచ్చారు. పేడ వాసన సున్నంతో పోతుందా? తర్వాత చాలామందిని యూటా ఎడారిలోని టోపాజ్ క్యాంపుకు పంపారు. ఇప్పుడు శాన్ బ్రూనో బార్ట్ రైలు స్టేషన్ దగ్గర కోట్లకు చీటీలున్న ఇద్దరు అక్కచెల్లెళ్ల విగ్రహం ఉంది. వాళ్లు హేవర్డ్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఫోటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ తీసిన ఫోటో చూసి చేసినది. మనముండే ఫ్రీమాంట్‌కు హేవర్డ్ ఎంత దగ్గరో మనకు చెప్పక్కర్లేదు.

‘తప్పలేదు’ అనేవాళ్లు వినాల్సిన మాట ఇంకొకటుంది. ఎవరు నమ్మదగినవాళ్లో ఎవరు కాదో విడదీసే టైము లేకపోయిందని ప్రభుత్వం కోర్టుకు చెప్పుకుంది. కానీ తీరప్రాంత సైన్యాధికారి జనరల్ డివిట్ మొదట అచ్చువేయించిన నివేదికలో ఉన్నది అది కాదు. టైము సమస్యే కాదు, వీళ్లను విడదీయడమే కుదరని పని అని ఉంది. అంటే పుట్టుకే నేరం. పై అధికారులు అది మార్పించి పాత కాపీలు తగలబెట్టించారు. ఒక్క కాపీ మిగిలింది. 1982లో నేషనల్ ఆర్కైవ్స్‌లో దాన్ని పట్టుకున్నది ఐకో హెర్జిగ్-యోషినాగా. హైస్కూల్ ఆఖరి సంవత్సరంలో చదువు వదిలించి క్యాంపుకు పంపిన అమ్మాయే ఆవిడ! అలాంటి ఆధారాల మీదే 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి మెరిలిన్ హాల్ పటేల్, అప్పట్లో క్యాంపుకు వెళ్లనన్న ఫ్రెడ్ కొరెమాట్సు మీద నలభై ఏళ్లనాటి శిక్షను కొట్టేశారు. అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) వేసిన కమిషన్ కూడా ఆ ఏడాదే తేల్చింది: పశ్చిమ తీరపు జపాన్ మూలాలవాళ్లు గూఢచర్యం చేసినట్టు, విద్రోహానికి పాల్పడినట్టు ఒక్క రుజువూ లేదు.

“మెక్సికన్లు వాళ్లంతట వాళ్లే వెళ్లారు.”

1931 ఫిబ్రవరి 26న లాస్ ఏంజిలెస్‌లో లా ప్లసీటా పార్కును ఇమిగ్రేషన్ అధికారులు, పోలీసులు చుట్టుముట్టారు. ఎండకు కూర్చున్న నాలుగు వందల మందిని కదలనివ్వకుండా కాగితాలు అడిగారు. మాంద్యం రోజులు, ఉద్యోగాల్లేవు, తప్పు ఎవరి మీదైనా పెట్టాలి. ఇలాంటి దాడుల గురించి పేపర్లలో ముందే హడావుడి చేయించేవారు. పట్టుకున్నవాళ్లకంటే భయపడి మూట సర్దుకున్నవాళ్లు ఎక్కువ కావాలనే ఆ ప్లాను. కౌంటీయే, అంటే జిల్లా ప్రభుత్వమే, డబ్బులిచ్చి రైళ్లు పెట్టింది. ఇంటి తలుపు దగ్గర అధికారి నిలబడి ‘టికెట్ మేమే ఇస్తాం, వెళ్లకపోతే సాయం ఆపేస్తాం’ అంటే, ఎక్కిన రైలును ఇష్టప్రకారం ఎక్కారనాలా? వెళ్లినవాళ్ల లెక్కలో చరిత్రకారుల మధ్య తేడా చాలా ఉంది, మూడు నాలుగు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా చెబుతారు. అందులో పెద్ద భాగం ఇక్కడ పుట్టిన పిల్లలన్న విషయంలో మాత్రం పేచీ లేదు.

“పరిహారం ఇచ్చేశారుగా.”

ఇచ్చారు, 1988 చట్టం ప్రకారం మనిషికి 20,000 డాలర్లు, అదీ అప్పటికి బతికున్నవాళ్లకు. అందుకున్నది సుమారు 82,000 మంది. సరే, ఆ చట్టం మొదట్లోనే లక్ష్యాలున్నాయి. ఒకటి క్షమాపణ, ఒకటి డబ్బు, ఇంకొకటి ఇలాంటిది మళ్లీ జరగకుండా జనానికి దీని గురించి తెలియజెప్పడానికి నిధి. చెక్కు రాసిన చట్టమే పాఠం చెప్పమంది. మెక్సికన్ కుటుంబాలకైతే చెక్కు కూడా లేదు. 2005లో కాలిఫోర్నియా క్షమాపణ చట్టం చేసింది, అంతే. ఆ చరిత్రను పాఠ్యప్రణాళికలో చేర్చే సంగతి చూడమని 2015లో ఇంకో చట్టం వచ్చింది. దాని వెనక పట్టుబట్టింది బెల్ గార్డెన్స్‌లో ఒక ఎలిమెంటరీ బడి పిల్లలు.

“దేశమంటే ఏవగింపు పుడుతుంది.”

ఇక్కడ కొంత ఒప్పుకుంటాను. చెప్పే పద్ధతి బాగా లేకపోతే పాఠం చెడుతుంది. మా అమ్మాయి మిడిల్ స్కూల్లో ఒక వర్క్‌షీట్ తెచ్చింది: ‘నువ్వు క్యాంపుకు వెళ్తుంటే సూట్‌కేసులో ఏం పెట్టుకుంటావు?’ ఐప్యాడ్, కుందేలు బొమ్మ, ఆవకాయ సీసా అని రాసి, నవ్వుకుంటూ ‘A’ గ్రేడ్ తెచ్చుకుంది. దాంతో జాలీ కలగలేదు, జ్ఞానమూ రాలేదు. అదే ఇంట్లో ఆ నోటీసు ఫోటో చూపిస్తే ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “అమ్మా, నేను నాన్-ఏలియనా?”

చెప్పకుండా దాస్తే ఏమవుతుందో కొరెమాట్సు ఇంట్లోనే కనబడుతుంది. క్యాంపుకు వెళ్లనని సుప్రీంకోర్టు దాకా పోరాడి 1944లో ఆరు-మూడు తేడాతో ఓడిపోయిన మనిషి, పిల్లలకు ఆ మాటే చెప్పలేదు. ఆయన కూతురు కేరెన్‌కు సంగతి తెలిసింది హైస్కూల్ క్లాసులో, తోటి విద్యార్థిని ఒక పుస్తకం గురించి చెబుతుంటే. తన ఇంటిపేరు బోర్డు దగ్గర వినపడింది. తర్వాత ఆవిడ దేశం మీద అలిగి కూర్చోలేదు. తండ్రి పేరిట సంస్థ పెట్టి, ఊరూరా బడులకు వెళ్లి ఈ పాఠం చెప్పడమే పనిగా పెట్టుకుంది.

“మనకేం సంబంధం?”

1923లో భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో సుప్రీంకోర్టు ఇండియన్స్ పౌరసత్వానికి తగరని తేల్చింది. అంతటితో ఆగలేదు, అప్పటికే ఇచ్చిన పౌరసత్వాలు కూడా వెనక్కి లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టుకున్న వైష్ణోదాస్ బగాయ్‌ది 1921లో వచ్చిన పౌరసత్వం. అది పోయింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదన్న కాలిఫోర్నియా చట్టం కిందకు ఆయనా వచ్చాడు, జపాన్ రైతు కూడా వచ్చాడు. 1928లో శాన్ హోసేలో ఒక అద్దెగదిలో బగాయ్ తన ప్రాణం తీసుకున్నాడు. మనకు పౌరసత్వం తలుపు తెరిచింది 1946లో. జపాన్ నుంచి వచ్చిన పెద్దలకు 1952 దాకా తెరవలేదు.

అందుకే 1942లో ఆ ఇళ్లలో అమ్మానాన్నలు పరదేశులు, పిల్లలు పౌరులు. ఒకే వంటింట్లో రెండు రకాల కాగితాలు. అన్నయ్యా, మీరూ వదినా ఇంకా గ్రీన్ కార్డు లైన్లోనే ఉన్నారు. చిన్నోడు పుట్టింది ఫ్రీమాంట్‌లో.

నోటీసు ఫోటో గ్రూపులో పెట్టాను. వాడు బడి నుంచి వచ్చేలోపు మీరొకసారి చదవండి.