పారిపోతున్నవాడి వీపు

ఎక్కడైనా దొంగలు పడ్డారని వినగానే "ఇంట్లోకి వచ్చినవాణ్ణి కాల్చి పారేయొచ్చు, చట్టం మన పక్షమే" అనేవాళ్లు మనలో ఎక్కువయ్యారు. ఈ ధైర్యం చూస్తే నాకు భయమేస్తోంది. చాలా దేశాల్లో కోర్టు అడిగేది ఇల్లు ఎవరిదని కాదు. ఆ క్షణంలో మీ ప్రాణానికో, పక్కనున్నవాళ్ల ప్రాణానికో ముప్పుందని నమ్మడానికి కారణం ఉందా, దాన్ని ఆపడానికి అంత పని చెయ్యాల్సి వచ్చిందా అని అడుగుతుంది.

భారత చట్టమే తీసుకోండి. పాత పీనల్ కోడ్‌లో 100వ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 38వ సెక్షన్. చంపేస్తాడనో తీవ్రంగా గాయపరుస్తాడనో భయం కలిగించే దాడి, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి వంటివి ఎదురైనప్పుడు, తప్పించుకునే క్రమంలో ఎదుటివాడి ప్రాణం పోయినా అది నేరం కాదు. కానీ ఆ భయం ఉన్నంతసేపే ఆ హక్కు. వాడు కత్తి పడేసి గుమ్మం దాటి పరుగు తీశాక వెనక నుంచి కాలిస్తే, దానికి ఆత్మరక్షణ అని పేరు పెట్టుకోవడం కుదరదు. పోలీసులకైనా అంతే. పది డాలర్లు, ఒక పర్సు దొంగిలించి కంచె ఎక్కుతున్న పదిహేనేళ్ల పిల్లాణ్ణి, చేతిలో ఆయుధం లేదని దాదాపు తెలిసీ పోలీసు కాల్చి చంపిన కేసులో, 1985లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ప్రమాదం లేనివాణ్ణి పారిపోతున్నాడని మాత్రమే చంపకూడదు. టెక్సస్‌లో రాత్రిపూట దొంగతనం ఆపడానికి కూడా కొన్ని షరతులతో ప్రాణం తీసే వీలుంది, నిజమే. నా మటుకు నాకు అది తప్పుడు చట్టం. పోయిన సొమ్ము మళ్లీ సంపాదించుకోవచ్చు కదా.

అయితే ఇదే కొలత ఇంకోచోట ఘోరంగా తప్పుతుంది. ఏళ్ల తరబడి భర్త చేతిలో తన్నులు తిన్న మనిషి, వాడు మెలకువగా ఉన్నప్పుడు ఎదురు తిరగలేక, నిద్రపోయాక చంపిందనుకోండి. "నిద్రపోతున్నవాడితో ముప్పేముంది?" అంటుంది చట్టం. దొంగ పారిపోతే భయం పోతుంది, సరే. భర్త పడుకుంటే పోతుందా? తెల్లారితే లేస్తాడని ఆమెకు తెలుసు. ఇద్దరు మగవాళ్లు వీధిలో కలబడే దృశ్యాన్ని మనసులో పెట్టుకుని రాసినట్టుంటాయి ఈ నియమాలు.

కిరణ్‌జీత్ అహ్లువాలియా 1989లో, పదేళ్ల హింస తర్వాత, నిద్రపోతున్న భర్తకు నిప్పంటించింది. బ్రిటన్ కోర్టు హత్య అని జీవితఖైదు వేసింది. మహిళా సంఘాలు పట్టు వదలకుండా పోరాడాక 1992లో ఆ తీర్పు రద్దయింది, ఆమె మానసిక స్థితిని లెక్కలోకి తీసుకుని నేరాన్ని హత్య కంటే తక్కువదిగా ఒప్పుకున్నారు. శిక్ష మూడేళ్ల నాలుగు నెలలు. అప్పటికే అన్నాళ్లూ జైల్లో గడిపేసింది కాబట్టి వెంటనే వదిలిపెట్టారు.