టర్బోకి రేస్ క్యామ్ ఎందుకు వద్దంటానంటే

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్‌కి టర్బో పెట్టేటప్పుడు ఎక్కువ డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే సమయం) ఉన్న రేస్ క్యామ్ (క్యామ్ అంటే వాల్వులను తెరిచే షాఫ్ట్) వేస్తే పవర్ ఇంకా పెరుగుతుందని ఒక వ్యాసంలో చదివాను. టర్బో లేని ఇంజిన్‌కైతే ఒప్పుకుంటాను. కానీ రోడ్డు మీద నడిపే చిన్న టర్బోలో, టర్బైన్ (ఎగ్జాస్ట్ గ్యాస్‌తో తిరిగే టర్బో చక్రం) ముందు ఎగ్జాస్ట్ ప్రెషర్ చాలాసార్లు బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) కంటే ఎక్కువే ఉంటుంది. అప్పుడు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉన్న ఆ కాస్త సేపట్లో (రేస్ క్యామ్‌తో ఇది ఇంకా పెరుగుతుంది) కాలిన వేడి గ్యాస్ తిరిగి సిలిండర్‌లోకి తన్నుకొస్తుంది. నాకింగ్‌కి (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే పేలినట్టు మండడానికి) దారి వేసేది ఆ వేడే. ఎయిర్ కూల్డ్ హెడ్‌లో దాన్ని లాగేయడానికి నీళ్లు కూడా ఉండవు. పైగా ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని ఎక్కువగా సీటుకి వదిలేది మూసుకుని ఉన్నప్పుడే. డ్యూరేషన్ పెంచితే ఆ టైమే తగ్గిపోతుంది!

మితమైన డ్యూరేషన్, 110 డిగ్రీలు దాటిన లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ క్యామ్ లోబ్‌ల మధ్య కోణం; ఇది పెరిగితే రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సేపు తగ్గుతుంది), నా ఓటు వీటికే.

వాల్వులను మూసి ఉంచే స్ప్రింగుల మాట మాత్రం మరిచిపోవద్దు. 40 మిల్లీమీటర్ల ఇన్‌టేక్ వాల్వ్ వెనక 1 బార్ బూస్ట్ ఉంటే సుమారు 12 కిలోల బలం దాన్ని తెరవడానికి తోస్తున్నట్టే. క్యామ్‌తో పాటు స్ప్రింగులు కూడా ఆ లెక్క చూసుకునే తీసుకోండి.