సౌండ్ కార్డు తీసి పారేయమన్నారు

నా సౌండ్ కార్డుతో రికార్డు చేస్తే చిటపటలొస్తున్నాయి అంటే చాలు, మూడు వారాలుగా అందరిదీ ఒకటే పాట. "ఆ బాక్స్ పనికిరాదు రా, ఇంకో పదివేలు పెట్టి మంచిది కొనుక్కో." కీబోర్డు వాయించేవాళ్ళు, మిక్సింగ్ చేసేవాళ్ళు, ఇంట్లో మైకు కూడా లేని మా ఆఫీసు మిత్రుడు, అందరూ ఇదే సలహా ఇచ్చారు. "బఫర్ ఎంత పెట్టావ్?" (కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతకి ఎంత పట్టుకోవాలో చెప్పే సెట్టింగ్ లెండి) అని మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు. ఆ కడుపుమంటతోనే రాస్తున్నాను ఇది.

మా పిన్ని తన కూతురి పెళ్ళి వీడియోకి మంగళహారతి పాడి పంపమంది. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంది (మనం సౌండ్ కార్డు అనేస్తాం కదా, అదే), కండెన్సర్ మైకు ఉంది, లాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. గంటలో అయిపోతుందనుకున్నాను. మొదటి టేక్ వెనక్కి పెట్టి వింటే పల్లవి పొడుగునా చిటపటలు. వంటింట్లోంచి మా ఆవిడ "అదేంటి, నేనింకా పోపే పెట్టలేదు" అంది. అచ్చం ఆవాలు పేలినట్టే ఉంది మరి.

షాపువాడికి ఫోన్ చేస్తే డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్ళీ వేయమన్నాడు. వేశాను. కంపెనీకి మెయిల్ పెడితే రెండు రోజుల తర్వాత అదే మాట కాస్త మర్యాదగా చెప్పారు. లాప్‌టాప్ బాగుచేసే అబ్బాయి తప్పంతా సౌండ్ కార్డుదే అన్నాడు. ఎవరికి వాళ్ళు పక్కవాడి మీదకి తోసేశారు. మధ్యలో కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను. చిటపటలు మాత్రం పోలేదు.

వీడియోల్లో పాఠాలు చెప్పే గురువులు బఫర్ 64 పెట్టమంటారు. ఎందుకో చెప్పరు. మైకు నుంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటర్ కుళాయి కింద నీళ్ళు పట్టినట్టు విడతలు విడతలుగా పట్టుకుంటుంది. సెకనుకి 44,100 శాంపిళ్ళు (శబ్దపు చిన్న చిన్న కొలతలు) వస్తుంటే, 64 చొప్పున పట్టాలంటే సెకనుకి దాదాపు 690 సార్లు రావాలి. అదే 512 పెడితే 86 సార్లు చాలు. చెంబు చిన్నదైతే తిరగడం ఎక్కువ. ఒక్కసారి ఆలస్యమైనా కాస్త నీళ్ళు నేలపాలు. మనకి వినపడే "టప్" అదే. మరి పెద్ద చెంబే పెట్టుకోవచ్చుగా అంటే, అప్పుడు మన గొంతు హెడ్‌ఫోన్స్‌లో మనకే ఆలస్యంగా వినిపిస్తుంది. 512కి ఒకవైపే 11.6 మిల్లీసెకన్లు, రానూ పోనూ కలిపితే ఇరవై దాటుతుంది. ఆ ఆలస్యంతో తాళంలో పాడటం నా వల్ల కాలేదు.

ఈ గోల తప్పించే బటన్ బాక్స్ ముఖం మీదే ఉంది, డైరెక్ట్ మానిటర్ అని. అది నొక్కితే గొంతు కంప్యూటర్ గడప తొక్కకుండా నేరుగా చెవుల్లోకి వస్తుంది. ఇక బఫర్ 512 పెట్టుకున్నా బాధ లేదు. (సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన రివర్బ్ మాత్రం ఇలా వినపడదు. బాత్‌రూమ్ ఎకోకి అలవాటుపడ్డ ప్రాణం, మొదటి రోజు నా గొంతు నాకే పరాయిదిలా అనిపించింది.) ఏడాదిగా ఆ బటన్ మీద దుమ్ము తుడుస్తున్నాను గానీ అదెందుకో తెలుసుకోలేదు. ఇది నా తప్పే, ఒప్పుకుంటాను.

ఆలస్యం సంగతి అలా తీరింది గానీ, 512లోనూ అడపాదడపా ఓ ఆవగింజ పేలుతూనే ఉంది. చివరికి లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి పది నిమిషాలు వదిలేశాను. ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎంతసేపు పట్టుకుని కూర్చుంటోందో చూపిస్తుందది. పట్టికలో అన్నిటికన్నా పైన నెట్‌వర్క్ డ్రైవర్. వైఫై ఆపేశాను. పాడాను. విన్నాను. ఏమీ లేదు! మళ్ళీ ఆన్ చేస్తే రెండో చరణంలో టప్. ఇన్నాళ్ళూ అందరూ తీసి పారేయమన్న బాక్స్ ఏ పాపమూ ఎరగదు.

అక్కడితో అయిపోలేదు. మర్నాడు శ్రుతి కోసం పెట్టుకున్న తంబూర ఫైలు పరుగెత్తడం మొదలెట్టింది. నా శ్రుతి ఒకటిన్నర. అది రెండు దాటి రెండున్నరకి అందక మధ్యలో వేలాడుతోంది. నాలుగు నిమిషాల ఫైలు 3 నిమిషాల 40 సెకన్లకే అయిపోయింది. రీపర్‌లో ప్రాజెక్టు సెకనుకి 44.1 వేల శాంపిళ్ళలో ఉంది, కార్డేమో 48 వేలలో నడుస్తోంది. ముందురోజు రాత్రి ఏదో వీడియో పని కోసం నేనే మార్చి మరిచిపోయాను. రెండూ ఒకే అంకెకి తెచ్చాక తంబూర ఇంటికొచ్చింది.

ఇంకొకటి, "జుయ్" మనే మోత. లాప్‌టాప్ చార్జర్ పీకితే పోయింది, బ్యాటరీ మీద పాడేశాను. ఇలాంటి మోతకి ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి, షాక్ కొడుతుంది.

నేను పెట్టిన ఖర్చు సున్నా. పదివేలు పోసి కొత్తది కొని ఉంటే అదే వైఫై, అదే 64, అవే ఆవాలు. అప్పుడు మళ్ళీ "దీనికంటే ఇంకో ఇరవై వేలు పెట్టి..." అనేవాళ్ళు. ఈ కొనుడు పిచ్చి మనకి ఎలా పట్టిందో గానీ, జ్వరమొచ్చిందంటే థర్మామీటరు పెట్టకుండా మనిషినే మార్చేయమన్నట్టుంది. కామెంట్లలో మీ బఫర్ ఎంత, ఏ డ్రైవర్ వాడుతున్నారు, వైఫై ఆపి చూశారా, ఈ మూడూ రాయండి. తెలిసినంతలో చెప్తాను. బాక్స్ మోడల్ పేరు తర్వాత చూద్దాం.

హారతి నిన్న పంపాను. పిన్ని ఫోన్ స్పీకర్‌లోనే విని, "బాగుంది నాన్నా, దీనికి ఇన్నాళ్ళు పట్టిందేం? ఫోన్లో పాడి పంపినా సరిపోయేదిగా" అంది.