బల్లకు బిగించిన దుర్గుణం

చేతిలో పనిముట్టు పెట్టి దాని పేరు నేర్పే అనాగరిక పద్ధతికి ఇన్నాళ్లకు కాలం చెల్లిందని, ఇకపై ఐటీఐ విద్యార్థులు తమ ట్రేడు మాటలన్నిటినీ సెల్‌ఫోన్‌లోనే ఔపోసన పడతారని తెలిసి మిక్కిలి సంతోషించాను. 1950లో కేంద్ర ప్రభుత్వం ఈ శిక్షణ పథకాన్ని మొదలుపెట్టిన నాటి నుంచి ఫిట్టర్ విద్యార్థులు ఇనుప రజను మధ్య నిలబడి మాటలు నేర్చుకున్నారంటే సిగ్గుపడవలసిందే.

మా పక్కింటి కుర్రవాడి ఫోన్‌లో అటువంటి యాప్ ఒకటి చూసే భాగ్యం నాకు కలిగింది. ఇంగ్లీషు రానివారి సౌకర్యార్థం ప్రతి మాటకూ తెలుగు అర్థం ఇచ్చారు; ఇచ్చినది మనిషి కాదని మొదటి మాటలోనే తెలిసిపోయింది. ఫైల్ అంటే దస్త్రమట. రంపం పళ్లకు పదును పెట్టే ప్రతి వడ్రంగికీ ఆకురాయిగా తెలిసిన వస్తువు ఆ విధంగా సచివాలయానికి బదిలీ అయింది. పనిచేసే వస్తువు కదలకుండా పట్టి ఉంచడానికి బల్లకు బిగించే బెంచ్ వైస్ 'బల్ల దుర్గుణం' అయింది. లోపలి మర కోసే ట్యాప్ కొళాయిగా మారగా, బయటి మర కోసే డై మాత్రం పాఠం తెరిచిన ప్రతి విద్యార్థినీ 'చనిపో' అని ఆదేశిస్తోంది. ఆకురాళ్లలో బాస్టర్డ్ అనే గరుకు రకానికి ఇచ్చిన అర్థాన్ని ఇక్కడ రాయలేను. అయితే అది కోపం వచ్చిన మేస్త్రీ నోట వినిపించే మాటే కనుక, ఈ ఒక్క చోట యాప్ వర్క్‌షాప్ సంప్రదాయాన్ని నిలబెట్టిందని ఒప్పుకోవాలి.

మట్టం చూసే స్పిరిట్ లెవెల్‌కు 'ఆత్మ స్థాయి' అని, లంబకోణం సరిచూసే ట్రై స్క్వేర్‌కు 'ప్రయత్న చతురస్రం' అని ఉంది. వీటికి మన పనివారు రసమట్టమని, మూలమట్టమని ఏనాడో పేర్లు పెట్టుకున్నారు. అడిగితే చెప్పేవారే. కాకపోతే అడగాలంటే ఎండలో వారి దగ్గరకు వెళ్లాలి, టీ తాగించాలి. అంత ఖర్చును ఏ ఆడిటరు మంజూరు చేస్తాడు?

కుర్రవాడికి అందులో నూటికి నూరు మార్కులు. బొమ్మ చూసి పేరు నొక్కడమే పరీక్ష. వెర్నియర్ కాలిపర్ అనే కొలత పనిముట్టు లీస్ట్ కౌంట్, అంటే అది చూపగల అతి చిన్న కొలత, ఎంతని అడిగితే 0.02 మిల్లీమీటర్లని రెప్పపాటులో నొక్కేస్తాడు. మొన్న మా గేటు గడియ రంధ్రంలో దిగకపోతే, ఇంట్లో ఉన్న ఆకురాయి ఇచ్చి కాస్త అరగదీయమన్నాను. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది, వెనక్కి తెచ్చేటప్పుడు ఒత్తిడి వదలాలి. ఇది యాప్‌లో లేదు కాబోలు, అతడు వెనక్కి లాగేటప్పుడే బలమంతా పెట్టి అరగంట శ్రమించాడు. గడియ చెక్కుచెదరలేదు. దస్త్రం మాత్రం అరిగింది.